పోలండ్‌లోని గ్దాన్స్క్ చూడ్డానికి వచ్చేవాళ్లూ, ఆ లిస్టు కాస్త చింపేయండి

పోయిన జూలైలో వైజాగ్ నుంచి మా బావావాళ్లు వచ్చారు. దిగీ దిగగానే ఫోన్లో లిస్టు చూపించాడు. పొద్దున మాల్బోర్క్ కోట, మధ్యాహ్నం స్టుట్‌హోఫ్, సాయంత్రం సోపోట్ బీచ్. అన్నీ ఒక్క రోజులోనే! "అన్నీ గంట దూరమే కదరా" అన్నాడు. దూరం లెక్క తప్పు కాదు. మిగతాదే తప్పు.

మాల్బోర్క్‌కి రైల్లో గంట కూడా పట్టదు. కోటలో మాత్రం మూడు నాలుగు గంటలు తిరిగితే గానీ ఏదీ తలకెక్కదు. ఎటు చూసినా ఎర్ర ఇటుకే. 1309లో ట్యుటోనిక్ నైట్స్ (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) పెద్ద వెనిస్ నుంచి మకాం ఇక్కడికే మార్చాడు. చలికాలంలో కింద పొయ్యి వెలిగించి, రాళ్లు కాల్చి, ఆ వేడిగాలిని గచ్చులో పెట్టిన రంధ్రాల్లోంచి గదుల్లోకి వదిలేవారట. 1410లో పోలండ్ సైన్యం చుట్టుముట్టినా లొంగని కోటని, 1457లో జీతాలందని కిరాయి సైనికులే పోలండ్ రాజుకి అమ్మేశారు. (జీతం రెండ్రోజులు లేటైతే నాకు వీళ్లే గుర్తొస్తారు.) 1945లో సగానికి పైగా కూలిపోతే మళ్లీ కట్టారు. కొత్త ఇటుకేదో పాత ఇటుకేదో గోడ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. మా బావ నిలబడలేదు. గంటన్నరకే "టైమైపోతోంది" అని టెన్షన్.

అసలు నా కోపం స్టుట్‌హోఫ్ గురించి. "బీచ్‌కెళ్లే దారేగా, అరగంట ఆగుదాం" అంటారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మర్నాడే, 1939 సెప్టెంబర్ 2న, నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరమది. లక్షా పది వేల మందిని తెస్తే, దాదాపు 65 వేల మంది ప్రాణాలతో బయటికి రాలేదు. చనిపోయినవాళ్ల చెప్పులు, బూట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు ఒక కుటుంబం గేటు ముందు వరసగా నిలబడి సెల్ఫీ తీసుకుంది, నవ్వుతూ. తెలుగువాళ్లే. పలకరించాలనిపించలేదు. పిల్లల్ని తీసుకెళ్లకండి. వెళ్తే ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకండి. మా అక్క బయటికొచ్చాక ఒక్క మాట మాట్లాడలేదు. సోపోట్‌లో ఐస్‌క్రీమ్ కొనిస్తే కరిగి చేతి మీద కారింది.

సోపోట్‌ది వేరే సరదా. అర కిలోమీటరు పొడవు చెక్క వంతెన సముద్రంలోకి సాగి ఉంటుంది. మా మేనల్లుడు నీళ్లలో దిగి "మావయ్యా, ఇదేంటి ఉప్పగా లేదు!" అని అరిచాడు. బాల్టిక్‌లోకి నదుల నీళ్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. చల్లదనం సంగతి వాడి పళ్లు టకటకలాడినప్పుడు తెలిసింది.

హెల్ ద్వీపకల్పానికైతే పూర్తి రోజు కావాలి. ముప్పై అయిదు కిలోమీటర్ల సన్నటి ఇసుక నాలుక, ఒక పక్క అఖాతం, ఇంకో పక్క సముద్రం. అక్కడ ఇసుక దిబ్బలెక్కి రీల్స్ తీయకండి బాబూ. దిబ్బల మీది గడ్డి వేళ్లే ఇసుకని పట్టుకుని ఉన్నాయి. కంచె ఊరికే వెయ్యలేదు.

ఆగస్టులో ఫ్రెండ్ కుటుంబం వస్తోంది. నిన్న లిస్టు పంపాడు. రెండు రోజులు, పదకొండు చోట్లు. ఇంకా రిప్లై ఇవ్వలేదు.