గోల్‌లో ఎవరిని నిలబెడుతున్నాం?

మొన్నటి ఉగాది ఆటల పోటీల్లో, పదేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ ఫైనల్లో ఆరు గోల్స్ తిన్న బాబు ఏడుస్తూ మైదానం దాటాడు. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న పెద్దల గోల్ ముందు తొమ్మిదేళ్లవాణ్ణి నిలబెట్టింది మనమే. ఇక్కడ అమెరికాలో ఆ వయసు పిల్లలకు పెట్టే గోల్ 18.5 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల ఎత్తు మించదు.

నల్లగొండ నుంచి కూతురింటికి వచ్చిన కోచ్ సార్ అప్పుడు భోజనాల టెంటు పక్కన కూర్చుని ఉన్నారు. ఏళ్ల తరబడి డిపార్ట్‌మెంట్ టీముకు గోల్ కాసి, మోకాలు సహకరించక ఆట మానేసి, ఊళ్లో పిల్లలకు నేర్పుతున్న మనిషి. సాయంత్రం శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం. పొద్దున ఒక్క పది నిమిషాలు పిల్లల దగ్గరికి రమ్మని మాత్రం ఎవరమూ అడగలేదు.

స్టేజీ దిగాక ఆయనే ఆ బాబును పిలిచారు. టెంటు తాళ్లు రెండు తీసుకుని, ఒక్కో పోస్టు అడుగున ఒకటి కట్టి, కొసలు రెండూ బంతి దగ్గర కలిపారు. "బిడ్డా, గీత మీదనే నిలవడితే రెండు దిక్కుల ఎంత సందున్నదో సూడు. ఇగ సగం దూరం ముందుకు రా." బాబు వచ్చాడు. తాళ్ల మధ్య సందు సగమైంది. బంతి పక్కకు జరిగితే తాళ్లు జరుగుతాయి, వాటి నడుమ నిలబడ్డవాడూ జరగాలి. మరీ ముందుకొస్తే బంతి తల మీదుగా పోతుంది.

తర్వాత చేతులు. ఛాతీ పైకి వచ్చే బంతికి బొటనవేళ్లు దగ్గరికి రావాలి, నడుం కిందికి వచ్చేదానికి చిటికెనవేళ్లు. బాబు వదిలిన ఆరింట్లో నాలుగు ఈ తేడా తెలియక పోయినవే. దూకడం మొదట కూర్చోబెట్టి నేర్పాలట. ఆ తర్వాత మోకాళ్ల మీద, చివరికి నిలబెట్టి. పిక్క పక్క, తొడ, నడుం పక్క, భుజం అదే వరుసలో నేలకు తగలాలి. ముందు మోచెయ్యి ఆనితే దెబ్బంతా భుజానికి ఎక్కుతుంది. మన దిక్కు మొరం గ్రౌండ్‌లో పడితే తోలు లేచిపోతుంది, అందుకని ఆయన లాంగ్‌జంప్ ఇసుకలోనో, మందంగా పరిచిన వరిగడ్డి మీదనో మొదలుపెట్టిస్తారు. ఇక్కడ మనకు పచ్చిక ఉంది, నేర్పే మనిషీ ఉన్నారు.

ఆట రానివాణ్ణి గోల్‌లో నిలబెట్టే అలవాటు మన గల్లీల నుంచే తెచ్చుకున్నాం. హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో ఎదిగిన పీటర్ తంగరాజ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశానికి గోల్ కాశారు, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు, ఆట మానాక కోచ్ అయ్యారు. ఆ చోటు విలువ మనకు తెలియనిది కాదు.

కార్యకర్తల కష్టం కూడా నాకు తెలుసు. ఒక్కరోజులో ఆటలు, భోజనాలు, సాంస్కృతిక కార్యక్రమాలు నడపడం మాటలు కాదు. అయినా అడుగుతున్నాను: వేసవి పోటీలకు ముందు మూడు శనివారాలు, గంట చొప్పున, గోల్‌కీపర్లను విడిగా ఆయనకు అప్పగించండి. సార్ సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటారు. నాలుగో నంబరు (పిల్లల సైజు) బంతులు ఆరు, తాళ్లు రెండు, చిన్న గోల్ ఒకటి కావాలి. బంతులు నేను తెస్తాను.