బండిని చూడకు, భయం పుట్టదు

హెవీ లైసెన్సు చేతికొచ్చిన పిల్లగాడికి ఉత్తర తెలంగాణలో దొరికే మొదటి సలహా 'ఏం గాదు తమ్మీ, ఎక్కు'. రెండోది కూడా అదే. వరంగల్ నుంచి మంచిర్యాల దాకా ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గడప తొక్కినా, డ్రైవర్లను పంపే ఏ ఏజెన్సీ బెంచీ మీద కూర్చున్నా ఈ మాట ఉచితం. అయితే ఎక్కినవాడి గుండె దడ ఎలా ఆగాలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. రవాణా రంగం మేలు కోరి ఆ లోటును ఇక్కడ పూడుస్తున్నాం.

మూలసూత్రం ఒక్కటే: భయం చూడటం వల్ల పుడుతుంది. వంగి బండి కిందికి తొంగిచూసినవాడు భయపడ్డాడు గాని, గేటు దగ్గర టీ తాగి నేరుగా సీటెక్కినవాడు భయపడ్డట్టు ఎక్కడా దాఖలా లేదు.

ధైర్యం పంచడంలో ప్రభుత్వం తన వంతు చేస్తూనే ఉంది. ఇరవై ఏళ్లు నిండాలి, లైట్ మోటార్ లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి, ఆరోగ్యం బాగుందని డాక్టరు ఫారం 1ఎ మీద సంతకం పెట్టాలి, నేర్చుకున్నాడని డ్రైవింగ్ స్కూలు ఫారం 5 ఇవ్వాలి. ఇవన్నీ అయ్యాక ట్రాకు మీద ఖాళీ బండిని ముందుకూ వెనక్కీ నడిపి చూపిస్తే ఐదేళ్లు చెల్లే కార్డు వస్తుంది. ఏజెన్సీ పిలిచి ఇచ్చేది మాత్రం పది టైర్ల లోడు బండి. 2018లో పెంచిన పరిమితి ప్రకారం సరుకుతో కలిపి దాని బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఖాళీగా అదే బండి పది టన్నుల లోపు. అంటే ట్రాకు మీద చూపించిన నైపుణ్యానికి మూడింతల బరువును ముడి పెడుతున్నారన్నమాట. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. రోడ్డు మీదికి గొర్రెల మంద వచ్చింది, చూసి కాలు పెడలు మీదికి చేరేసరికి ఒకటిన్నర సెకను పోయిందనుకుందాం. బ్రేకు పట్టడం మొదలు కాకముందే 25 మీటర్లు అయిపోయాయి. లారీకి బ్రేకు పట్టించేది గాలి కాబట్టి, అది గొట్టాల గుండా వెనక చక్రాల దాకా వెళ్లడానికి ఇంకొంత. ఇలాంటి లెక్కలు కట్టేవాడికి ధైర్యం ఎక్కడిది? కాబట్టి కట్టకూడదు.

ఏజెన్సీ పనిలో పెద్ద సుఖం, రోజుకో కొత్త బండి. ఏ బండికి పిలిస్తే ఆ బండికి పోయే యాక్టింగ్ డ్రైవరుకు నిన్న ఆరు గేర్ల బండి, ఇవాళ తొమ్మిది గేర్లది. గేరు రాడ్డు తల మీది బొమ్మ ఇంతకుముందు పట్టిన అరచేతుల కింద ఎప్పుడో అరిగిపోయింది. రివర్సును ఒక్కో కంపెనీ ఒక్కో మూలన దాచింది. తొమ్మిది గేర్ల బండిలో రాడ్డుకు రేంజి స్విచ్చు ఉంటుంది. కింద ఉంటే ఒకటి నుంచి నాలుగు, పైకి లేపితే అవే గళ్లలో ఐదు నుంచి ఎనిమిది, పక్కన విడిగా లోడు లాగే క్రాలర్. స్పీడు మీద ఉండగా మరిచిపోయి స్విచ్చు కిందికి దించితే గేర్‌బాక్సు పెట్టే కేక ఓనరు ఇంటిదాకా వినబడుతుంది.

పిరికివాళ్ల పద్ధతి చూడండి. తాళం చేతికి రాగానే బండి తెచ్చిన డ్రైవరును పట్టుకుంటారు. "అన్నా, రివర్స్ యాడుంది? ఇంజిన్ బ్రేకు కాలుకా చేతికా? యాడ్‌బ్లూ ఎంతుంది? బండి యే దిక్కు గుంజుతది?" అని అడుగుతారు (యాడ్‌బ్లూ అంటే పొగలో విషం తగ్గించడానికి పోసే ద్రవం). సీటు, అద్దాలు సర్దుకుంటారు. యార్డులోనే పది నిమిషాలు ముందుకూ వెనక్కీ ఆడించి క్లచ్ ఎంత ఎత్తులో పడుతుందో కాలికి నేర్పుకుంటారు. ఆ తర్వాత బండి చుట్టూ తిరిగి పాత సొట్టలన్నిటికీ ఫోనులో ఫోటోలు తీస్తారు. రాత్రి లెక్క చూసేటప్పుడు ఎవరిదో సొట్ట ఖరీదు కొత్తవాడి బత్తాలో కోసుకోవడం ఈ రంగంలో అనాదిగా ఉన్న ఆచారం. ఫోటోలు ఆ ఆచారానికి అడ్డొస్తాయి. ధైర్యవంతుడు ఫోటోలు తీయడు.

ఇక గాలి సంగతి. లారీని నడిపేది డీజిలే అయినా ఆపేది గాలి. స్టార్టు చేశాక గాలి మీటరు ముల్లు మెల్లగా లేస్తుంది, అప్పటిదాకా బజర్ మోగుతూనే ఉంటుంది. చాలా బండ్లలో ముల్లు 7, 8 కిలోల ప్రెషరు దాకా రావాలి. వీటి హ్యాండ్ బ్రేకు కారు హ్యాండ్ బ్రేకు లాంటిది కాదు. వెనక చక్రాల దగ్గర గట్టి స్ప్రింగు బ్రేకును పట్టి ఉంచుతుంది, గాలి వచ్చి ఆ స్ప్రింగును అణిచి బండిని వదిలిస్తుంది. గాలి రాకపోతే బండి కదలదు. నడుస్తుండగా గాలి బాగా దిగిపోతే స్ప్రింగు తనంతట తానే పట్టేస్తుంది, హన్మకొండ చౌరస్తా మధ్యలో ఉన్నామా అని చూడదు.

అనుమానం మనిషి ఏం చేస్తాడంటే, ముల్లు పైకొచ్చాక చక్రాల కింద చెక్కలు పెట్టి, ఇంజిను ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, బ్రేకు పెడలును నిమిషం సేపు తొక్కి పడతాడు. ముల్లు కాస్త దిగి నిలబడితే సరే. దిగుతూనే ఉంటే ఎక్కడో లీకు. చెవి పెట్టి వింటే సుయ్యిమంటుంది. అప్పటికీ దొరక్కపోతే గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు చూపిస్తాయి. ఆ తర్వాత గాలి ట్యాంకుల కింది వాల్వు లాగి నీళ్లు వదులుతాడు. వట్టి నీళ్లయితే మామూలే. నల్లటి ఆయిలు కలిసి వస్తే కంప్రెసర్ రింగులు అరిగినట్టు. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లోనే ఏజెన్సీ నుంచి ఫోన్లు: "ఇంకా బయలెల్లలేదా తమ్మీ? గాలి చూస్తున్నవా? గాలేడికి పోతది?"

అది ఎక్కడికి పోతుందో నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోయే మహబూబ్ ఘాట్ లాంటి చోట తెలుస్తుంది. లోడుతో దిగేటప్పుడు న్యూట్రల్ కొడితే డీజిలు మిగులుతుందని, ఆ మిగిలింది డ్రైవరుదేనని మన రోడ్ల మీద ఒక నమ్మకం. న్యూట్రల్‌లో ఇంజిను పట్టు పోయి బరువంతా, చక్రం డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే బ్రేకు లైనర్ల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కే కొద్దీ వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, లైనరు కాలిన వాసన వస్తుంది, పెడలు తొక్కుతున్నా బండి తగ్గదు. మాటిమాటికీ కొట్టి వదులుతుంటే కంప్రెసర్ నింపేదానికంటే ముందే ట్యాంకు ఖాళీ అవుతుంది. దిగకముందే చిన్న గేరు వేసి, ఇంజిన్ బ్రేకు మీద మెల్లగా దిగేవాడికి వెనకనుంచి హారన్లు పడతాయి. హారన్లకు జంకేవాడు డ్రైవరే కాడని పెద్దలంటారు. లైనరు వాసన సంగతి పెద్దలు ఏమీ అనలేదు.

టైర్ల విషయంలో చూడకపోవడం మరీ సులువు, ఎందుకంటే ప్రమాదకరమైన టైరు కనబడనే కనబడదు. వెనక జంట టైర్లలో లోపలిదానికి గాలి పోయినా బయటిది బరువు మోస్తూ ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. రెండు టైర్ల బరువు ఒక్కటే మోసి మోసి, మే నెల ఎండలో జగిత్యాల రోడ్డు మీద వేడెక్కి పేలుతుంది. లివర్ రాడ్డుతో ఒక్కో టైరును కొట్టి వింటే గాలి ఉన్నది ఠంగుమని ఎగదన్నుతుంది, లేనిది దబ్బుమని ఊరుకుంటుంది. జంట మధ్యలో ఇరుక్కున్న కంకర రాయిని తీయకపోతే అది వెనకొచ్చే బైకు వాడి మొహం వెతుక్కుంటూ పోతుంది. నట్టు చుట్టూ తుప్పు చార కనబడితే ఆ నట్టు వదులైందని అర్థం. టైరు మార్చిన బండికి యాభై, వంద కిలోమీటర్లు పోయాక నట్లు మళ్లీ బిగించాలి. కొన్ని పాత బండ్లకు ఎడమ పక్క మరలు తిరగేసి ఉంటాయి. ఆ ముక్క తెలియని కొత్తవాడు విప్పుతున్నాననుకుని స్పానరెక్కి గెంతుతూ బోల్టు విరగ్గొట్టడం కూడా చూడదగ్గ ధైర్యసాహసమే.

మన దగ్గర రోడ్డు కూడా కల్లమే. వానాకాలం పంటకు నవంబరు, డిసెంబరులో, యాసంగికి ఏప్రిల్, మేలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున బండరాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. పగలు కనబడతాయి. రాత్రి ఎదురుబండి లైట్లలో రాయి కనబడదు, అందాక వచ్చాక కనబడినా పక్కకు పోవడానికి చోటుండదు. వడ్ల మీదే బ్రేకు వేద్దామంటే టైరు కింద గింజలు దొర్లి బండి జారుతుంది. పైగా వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, దిగిన మడిలోంచి ఎక్కే మడిలోకి రోడ్డంతా తనదేనని పోయే హార్వెస్టర్లు. రాత్రిపూట నలభై దాటకుండా పోయేవాడిని మిల్లు కాడ నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలో లారీ ఓనరు ఉండడు, ఎందుకంటే అతను నిద్రపోతుంటాడు.

మిల్లు గేటు కొత్తవాడికి అసలు పరీక్ష. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలి మూలను కోసుకుంటూ వస్తాయి, తోకేమో అవతలికి ఊగుతుంది. గేటు స్తంభాల మీది గీరులన్నీ ఈ సిద్ధాంతానికి రుజువులే. రివర్సులో హమాలీ కాకా "రానీ, రానీ, రానీ" అంటూ అద్దంలో కనబడని చోట నిలబడతాడు. మనిషి అద్దంలో లేకపోతే బండి ఆపాలి, దిగాలి, నడిచి చూసి, మళ్లీ ఎక్కాలి. దీనికి అర నిమిషం పడుతుంది, పరువు కూడా కొంచెం పోతుంది. గేటు దగ్గరే "కాకా, నేను కొత్త, జర ఎదురుగ నిలబడు" అని చెప్పేస్తే కాకాయే నలుగుర్ని పక్కకు తోలి దారి చేస్తాడు. కానీ 'కొత్త' అన్న మాట నోట రాకూడదని, వస్తే కిరాయి తగ్గుతుందని ఏజెన్సీ ముందే చెప్పి పంపింది. గోడ కూలితే తగ్గేది ఎంతో చెప్పలేదు.

కరీంనగర్ గ్రానైటు గురించి ఒక్క మాట. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, బండ ఆగదు. ఇనుప ప్లాట్‌ఫారం మీద రాయికి పట్టు తక్కువ. కింద చెక్క దిమ్మెలు, చుట్టూ బిగించిన గొలుసులు లేకుంటే అది నేరుగా క్యాబిన్ తలుపు తట్టడానికే వస్తుంది. గొలుసులు బయల్దేరేటప్పుడు బిగుతుగానే ఉంటాయి, కొంత దూరం పోయాక బండ సర్దుకుని వదులవుతాయి, కాబట్టి మధ్యలో ఆగి మళ్లీ బిగించాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు వచ్చే పత్తి లోడుది దీనికి ఎదురు స్వభావం. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ, మలుపులో ఊగుతుంది. రెండిటినీ ఒకే స్పీడులో నడిపితే ధైర్యం అనిపించుకుంటుంది.

కాంటా చీటీలో పరిమితి దాటితే 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా. లోడు ఎంత వేశారో డ్రైవరు అడగకూడదు, పట్టుబడినప్పుడు మాత్రం చెప్పాలి. పని గంటల విషయానికొస్తే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 అని రాసింది. మిల్లు ముందు లైన్లో గడిపిన రాత్రిని మాత్రం పని కింద ఎవరూ జమ కట్టరు, ఎందుకంటే బండి కదల్లేదు కదా. తెల్లవారుజామున లైను కదిలాక ఆ డ్రైవరే మళ్లీ వరంగల్ దాకా నడపాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. దాంతో చెమటలు ఎండకే పట్టాయని చెప్పుకునే వీలు కొత్త డ్రైవరుకు పోయింది. ఏజెన్సీకి వచ్చే బండ్లు చాలావరకు అంతకుముందువే కాబట్టి ఇంకో పదేళ్లు ఆ సాకు నడుస్తుంది.

ఇంత చెప్పినా వినకుండా చూసేవాళ్లు కొందరుంటారు. వాళ్లు చేసే అతి పెద్ద తప్పు, చూసినదాన్ని ఫోను చేసి చెప్పకుండా రాసి పంపడం. "ఎడమ వెనక లోపలి టైరులో గాలి లేదు" అని బండి నంబరు, టైము, ఫోటోతో ఏజెన్సీ వాట్సాప్‌లో పెడతారు. దానికి రాతలో జవాబు రాదు, వెంటనే ఫోనే వస్తుంది. "గట్లనే మెల్లగ తోలుకపో తమ్మీ." వీళ్లు మళ్లీ టైపు చేస్తారు: "అన్నా, ఫోన్లో మెల్లగ పొమ్మన్నరు. టైరు మారిస్తేనే పోత." రెండు నీలి గీతలు పడతాయి. పొద్దున్నుంచి దొరకని స్టెప్నీ, జాకీ, టైరు పని వచ్చిన మనిషి అరగంటలో ఆటోలో దిగుతారు. ఆటో కిరాయి ఎవరిస్తారన్న దాని మీద మాత్రం ఇంకో అరగంట మాట్లాడుకోవాల్సి ఉంటుంది.