చెత్త బండి మైకు గారికి ఒక లేఖ

శ్రీయుత చెత్త బండి మైకు గారికి,

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని రోజూ పొద్దున్నే వీధి వీధంతటికీ తెలుస్తూనే ఉంది.

ఇవాళ మా గేటు దగ్గర జరిగింది మీరూ చూసే ఉంటారు, బండి నెత్తి మీదే కదా తమరి ఆసనం! పగిలిన సీసా పెంకుల్ని మా అమ్మ పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి, ఎర్ర బుట్టలో పెట్టింది, ఎత్తేవాళ్ల చెయ్యి తెగకూడదని. పచ్చ బుట్టలో నిన్నటి సాంబారు, నీలం బుట్టలో మడతపెట్టిన అట్టపెట్టెలు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మీరు రాగం తీస్తుండగానే బండి అబ్బాయి మూడు బుట్టలూ ఒకే చోట బోర్లించేశాడు.

"అదేటి బాబూ, కలిపేస్తన్నావు?" అంది అమ్మ.

"బండిలో అర ఒకటే గదమ్మా. ఏటి సేత్తాం?"

ఆ అబ్బాయిని ఏమనగలం? చేతికి గ్లౌజులైనా లేవు. అతను నిజమే చెప్పాడు. అబద్ధం పాడింది మీరు.

2021 గాంధీ జయంతి నాడు ఆంధ్రప్రదేశ్‌లో మూడు రంగుల బుట్టల పథకం మొదలుపెట్టారు. ఎర్రది దేనికో అంతుబట్టక చాలా ఇళ్లలో బట్టల క్లిప్పులు వేసుకున్నారు. చెత్త పన్ను వచ్చింది, పోయింది. మీ పాట మాత్రం పోలేదు. ఇంట్లో చెత్త మూడు రకాలుగా విడగొట్టాలని కేంద్రం వారి 2016 చెత్త నిబంధనల్లో రాశారు, బాగుంది. విడగొట్టినదాన్ని విడిగానే తీసుకెళ్లాలని కూడా అందులోనే రాశారు స్వామీ! ఆ చరణం మీ పాటలో ఎందుకు లేదు? సాంబారు అంటిన అట్టని ఏ పాత సామాన్లవాడు కొంటాడు? పాల కవర్లు, గాజు ముక్కలు కలిసిన ఎరువుని ఏ రైతు పొలంలో చల్లుకుంటాడు?

మాకు వేరు చేయడం నేర్పింది మీరు కాదు, గేదెలావిడ. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూర తొక్కలు కుడితి బకెట్లో వేసి ఉంచితే సాయంత్రం పట్టుకెళ్తుంది. ఎండాకాలంలో చెంబుడు మజ్జిగ ఇస్తుంది. పొరపాటున నిమ్మ చెక్కలు పడ్డాయో, మర్నాడు గేటు దగ్గరే పంచాయితీ: "అమ్మా, ఆ కుడితి గేది ముట్టనేదు!" మైకు లేదు, పాట లేదు. ఆ దెబ్బకి మా ఇంట్లో నిమ్మ చెక్క మళ్లీ కుడితిలో పడలేదు.

పాల కవర్లు కడిగి ఆరేసేది అమ్ముకోవడానికి. స్నానాల నీళ్లు అరటి మొక్కకి మళ్లించింది కొళాయి రోజూ రాదు కాబట్టి. ఫ్యాన్ ఆపేది కరెంటు బిల్లు టెన్షన్‌తో. భూమాతకి ఇందులో లాభం ఉంటే సంతోషమే, మేమేమీ కాదనం.

మీ బంధువర్గానికీ నా నమస్కారాలు చెప్పండి: ప్లాస్టిక్ వద్దని చెప్పే ప్లాస్టిక్ ఫ్లెక్సీకి, ప్రతి జూన్ 5 పర్యావరణ దినానికీ అదే గోతిలో నాటించుకునే మొక్కకి, పర్యావరణ సదస్సు బల్ల మీద వరసగా నిలబడే నీళ్ల సీసాలకి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా చిన్నాన్న వాళ్ల కొబ్బరి చెట్లని 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెల్లారేసరికి పడగొట్టేసింది. వాతావరణం మారుతోంది, మేలుకోండి అని ఆ ఇంటి గోడకి పోస్టరు అంటిస్తే ఏం చెప్పినట్టు? వాళ్లు ఆ రాత్రంతా మేలుకునే ఉన్నారు. వాళ్లు అడిగేది ఒక్కటే, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా తినేదేంటని. దానికి జవాబుంటే పాడండి, చెవులు రిక్కించి వింటాం.

లేదంటే ఆపండి. మర్యాదగా ఎన్నాళ్లని చెప్తాం? చేసేవాళ్లకే రోజూ చెప్పి, చేయాల్సినవాళ్లని వదిలేసే పాట మాకొద్దు. ఆ రికార్డింగుకి పెట్టిన డబ్బుతో బండి మధ్యలో అడ్డంగా ఒక ఇనుప రేకు కొట్టించండి. వెల్డింగ్ షాపు మా సందు చివరే ఉంది, ఆదివారం కూడా తీస్తాడు. ఆ పూట కావాలంటే మీ పాట రెండుసార్లు వేసుకోండి.

ఇట్లు,
ఇష్టం లేకపోయినా పాట మొత్తం నోటికొచ్చేసిన మీ శ్రోత