రాజ్యం తిరిగొచ్చింది, ఎవరి కోసం?

కరెంటు చార్జీలు తగ్గించమని అసెంబ్లీకి బయలుదేరిన జనంపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అంతకు రెండేళ్ల ముందే చట్టం చేసి విద్యుత్ బోర్డును విడగొట్టారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో ముడిపడిన సంస్కరణ అది. బోర్డుకు నష్టాలున్న మాట నిజమే. అయితే ఆ నష్టాన్ని ఎవరి జేబులోంచి పూడ్చాలో నిర్ణయించేటప్పుడు, బిల్లు కట్టేవాళ్ల మాట చెల్లలేదు.

ప్రభుత్వం తప్పుకుని అన్నీ మార్కెట్‌కే వదిలేయాలనే నయా ఉదారవాదం చరిత్ర పొడవునా ఇదే కనిపిస్తుంది. 1947లో స్విట్జర్లాండ్‌లో హయక్, ఫ్రీడ్‌మన్ లాంటి ఆర్థికవేత్తలు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు అది కొద్దిమంది మేధావుల ఆలోచన మాత్రమే. 1970లలో చమురు ధరలు, నిరుద్యోగం కలిసి పాత విధానాలను కుంగదీశాక దానికి తలుపులు తెరుచుకున్నాయి. మొదట తెరిచింది చిలీ సైనిక నియంత పినోచెట్. చికాగోలో చదివొచ్చిన ఆర్థికవేత్తలు చెప్పినట్టు ఆయన ప్రభుత్వం 1981లో కార్మికుల పింఛన్లను ప్రైవేటు కంపెనీల చేతిలో పెట్టింది. సైన్యానికి, పోలీసులకు మాత్రం పాత ప్రభుత్వ పింఛనే ఉంచింది! మార్కెట్ అంత మేలు చేసేదైతే తుపాకీ పట్టినవాళ్లను దానికి ఎందుకు దూరంగా ఉంచారు? 2019లో శాంటియాగోలో మెట్రో చార్జీ 30 పెసోలు పెంచితే దేశమంతా రోడ్డెక్కింది. ముప్పై పెసోల కోసం కాదు, నియంత పోయాక కూడా ముప్పై ఏళ్లుగా ఇదే భరిస్తున్నందుకు అన్నారు జనం.

బ్రిటన్‌లో థాచర్, అమెరికాలో రీగన్ ఎన్నికల్లో గెలిచి ఈ దారి పట్టారు. రష్యా 1992లో ఒక్కసారిగా ధరల పగ్గాలు వదిలేసి సామాన్యుల పొదుపును బూడిద చేసుకుంది. చైనా మార్కెట్‌ను రానిచ్చినా బ్యాంకులనూ భూమినీ వదులుకోలేదు.

మన సంగతి వేరు. 1991లో బంగారం తాకట్టు పెట్టిన దేశానికి పీవీ నరసింహారావు మైనారిటీ ప్రభుత్వం సంస్కరణలు తెచ్చింది. టెలిఫోన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరానికి ఆ మార్పు విలువ తెలుసు. ఐటీ ఉద్యోగాలతో నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ మేలును మేం కాదనడం లేదు. కానీ అవే ఏళ్లలో విత్తనం, పురుగుమందు, అప్పు అన్నీ ప్రైవేటు వ్యాపారి దగ్గరే తెచ్చుకున్న వరంగల్ పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ లెక్కను పక్కనపెట్టి సంస్కరణల విజయం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఇప్పుడు ఈ సిద్ధాంతాన్ని దాని సొంతింట్లోనే పక్కకు నెడుతున్నారు. 2008లో మునిగిన బ్యాంకులను అమెరికా ప్రజాధనంతో గట్టెక్కించింది. 2025 ఆగస్టులో మన సరుకుల్లో చాలావాటిపై 50 శాతం సుంకం వేసింది. ఆ దెబ్బ భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడిపోయింది, మేత ఖర్చు తగ్గలేదు, రైతుకు ఒకటే టెన్షన్. ప్రపంచ మార్కెట్‌ను నమ్ముకోమని చెప్పినవాళ్లే గేటు వేసేశారు.

మార్కెట్ వ్యవహారాల్లోకి రాజ్యం, అంటే ప్రభుత్వం, తిరిగొచ్చిందని సంబరపడేవారికి మా ప్రశ్న ఒకటే: ఎవరి కోసం వచ్చింది? మన కేంద్రం ఉత్పత్తి ప్రోత్సాహకాల పేరిట 14 రంగాల కంపెనీలకు దాదాపు 1.97 లక్షల కోట్ల రూపాయలు ప్రకటించింది. అది పారిశ్రామిక విధానం అనిపించుకుంటోంది. రైతుకిచ్చే కరెంటేమో ఉచితాల లెక్కలో పడుతోంది. ఈ తేడా పోనంతకాలం, పాత విధానం పోయి కొత్తది వచ్చినా పల్లెకు ఒరిగేదేమీ లేదు.

1994లో ప్రపంచ వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసేందుకు పార్లమెంటు ఆమోదం అవసరం కాలేదు. నేటికీ వాణిజ్య ఒప్పందాలకు అది తప్పనిసరి కాదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా అసెంబ్లీలను అడిగే పద్ధతి లేదు. ఇది మారాలి. ఇకపై ఏ ఒప్పందమైనా సంతకానికి ముందే పార్లమెంటులో, రాష్ట్రాల శాసనసభల్లో చర్చకు రావాలి. దాని ముసాయిదా రొయ్యల రైతుకు, పత్తి రైతుకు, పామాయిల్ రైతుకు చదువుకునేలా తెలుగులో అందాలి.