పాత బియ్యానికే ధర ఎక్కువ

మా గోదావరి జిల్లాల్లో కొత్త బియ్యం ఎవరూ ఇష్టపడి వండుకోరు. అన్నం ముద్దయిపోతుంది. ఏడాది నిలవున్న బియ్యమైతే మెతుకు మెతుకూ విడివిడిగా వస్తుంది, ధర కూడా ఎక్కువే పలుకుతుంది. ఇంత తెలిసినవాళ్లం ఆఫీసు లెక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం తాజా డేటా, తాజా డేటా అని ఎందుకు కలవరిస్తామో నాకు బోధపడదు. ఇవాళ్టి అంకె చూస్తే బీపీ పెరుగుతుంది. రెండు నెలల నాటి అంకె ఎవరినీ ఏమీ అనదు, దానిపాటికది ఉంటుంది. ఈ సత్యాన్ని మా డెల్టాలో కంపెనీలు ఎప్పుడో గ్రహించాయి, బయటికి చెప్పుకోవట్లేదు గానీ.

భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల కంపెనీ ఉంది, పేరెందుకు లెండి. ఆఫీసులో అడుగుపెట్టగానే గోడకి 55 అంగుళాల టీవీ, అందులో డాష్‌బోర్డు. ఏ చెరువులో ఎంత కౌంట్ (అంటే కిలోకి ఎన్ని రొయ్యలు), మేత ఎంత పడింది, కొనుగోలు ధర ఎంత, అన్నీ రంగురంగుల్లో కనిపిస్తాయి. ఎక్కువ భాగం పచ్చరంగే. కుడివైపు మూలన తేదీ ఉంటుంది, అదీ ఇవాళ్టిదే. బ్యాంకు నుంచి వచ్చినవాళ్లు ఆ తేదీ చూసి తృప్తిగా తలూపుతారు. ఆ తేదీ రహస్యం చెబుతాను, విని తరించండి. అది టుడే అనే ఫార్ములా. తెర తెరిచినప్పుడల్లా ఇవాళ్టి తేదీ తనే వేసుకుంటుంది. కిందున్న అంకెలు ఏ నెలవో దానికి అనవసరం.

ఆ తెర మీది రొయ్యకు సాటి వచ్చే రొయ్య ఈ భూమ్మీద లేదు. మామూలు చెరువులో వనామీ రకం రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచీ రైతుకి కంటి మీద కునుకుండదు. మేత చల్లాలి, చెక్ ట్రే ఎత్తి ఎంత తిన్నాయో, ఎంత మిగిల్చాయో చూసుకోవాలి. అప్పుడప్పుడూ వల విసిరి, కిలోకి 100 తూగుతున్నాయా, 80 తూగుతున్నాయా అని లెక్కపెట్టాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకొస్తుంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, సరిగ్గా అప్పుడే కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. డాష్‌బోర్డు రొయ్యకి ఈ బాధలేవీ లేవు. జూన్‌లో 100 కౌంట్, ఆగస్టులోనూ 100 కౌంటే. ఎదగదు, మేత అడగదు, దానికి వైట్‌స్పాట్ జబ్బు రాదు. సాగు ఖర్చులో సింహభాగం మేతకే పోతోందని రైతులు మొత్తుకుంటుంటే, మేతే అక్కర్లేని రొయ్యను కనిపెట్టిన ఘనత ఆ టీవీది. అసలు ఆ చెరువు పట్టుబడి జూలైలోనే అయిపోయింది, నీళ్లు తోడేసి, ఎండగట్టి, సున్నం కూడా చల్లేశారు. ఆ కబురు టీవీకి ఎవరూ చేరవెయ్యలేదు కాబట్టి రొయ్యలు అందులో ఇంకా హాయిగా ఈదుతున్నాయి.

లెక్కల్ని ఇలా నిలవ పెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. డాష్‌బోర్డులు తయారుచేసే పవర్ బీఐ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రో లైసెన్సు తీసుకుంటే రోజుకి 8 సార్లు దానంతటదే కొత్త డేటా తెచ్చుకునేలా వేళలు పెట్టుకోవచ్చు. మనిషి అన్నం కూడా అన్నిసార్లు తినడు! ఈ తిండిపోతుతనాన్ని మావాళ్లు సునాయాసంగా కట్టడి చేశారు. ఆఫీసు డేటాని ఆ సాఫ్ట్‌వేర్‌కి చేరవేసే గేట్‌వేని అకౌంట్స్ గదిలో ఓ మూల కంప్యూటర్‌లో పెట్టారు. సాయంత్రం ఇంటికెళ్లేవాళ్లు కరెంటు ఆదా అని దాన్ని ఆపేసి వెళ్తారు. పొదుపు చేసేవాళ్లని తప్పుపట్టలేం కదా. దానికి తోడు ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, గేట్‌వేకి చెప్పలేదు. ఇలా కొత్త డేటా తెచ్చుకోవడం, అదే రిఫ్రెష్, వరసగా నాలుగుసార్లు తప్పితే ఆ సాఫ్ట్‌వేర్ ఇక ప్రయత్నించడమే మానేస్తుంది. తప్పిందని ఆ డాష్‌బోర్డు తయారుచేసిన ఓనరు పేరిట మెయిల్ కూడా వస్తుంది. ఆ ఓనరు కుర్రాడు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు, వాళ్లమ్మ పూతరేకులు కూడా పంపింది ఆఫీసుకి. అవి అందరూ తిన్నారు. మెయిళ్లే ఎవరూ చూడలేదు.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పాపం, తెలియక నోరు జారింది. “ఈ డేటా ఆఖరిసారి ఎప్పుడొచ్చిందో కూడా పైన వేద్దామాండీ?” అంది. మేనేజరు గారు ఆప్యాయంగానే చెప్పారు. “ఎందుకమ్మా, ఉన్న తేదీ బానే ఉంది కదా. జనానికి లేనిపోని అనుమానాలు ఎక్కించకు.”

ఆయన అనుభవం అలాంటిది మరి. తాజా లెక్క వచ్చిందంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి. ధర పడిపోయిందని తెలిశాక కూడా చేతులు కట్టుకు కూర్చుంటే అది ఒకరి తప్పవుతుంది. తెలియకపోతే ఎవరి తప్పూ కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద రైతులు తలలు పట్టుకున్నారు. కంపెనీలో ఏ టెన్షనూ లేకుండా ఉన్నది ఆ టీవీ ఒక్కటే.

విచారకరమైన విషయం ఏమిటంటే, పైకి ఇంత నిష్ఠగా ఉండే ఎమ్‌డీ గారే చాటున తప్పు చేస్తున్నారు. తెల్లారి అయిదింటికే చెరువు గుమాస్తాకి ఫోన్ కొడతారు. “ఏరా, ఎలా ఉన్నాయి?” “రెండు ఏరేటర్లు ఆగిపోయాయండీ, తిప్పించేశానండీ. మేత తగ్గించి వేయిస్తున్నానండీ, ట్రేలో మిగులుతోందండీ, ఆయ్.” అర నిమిషంలో అంతా తెలిసిపోతుంది. లైసెన్సు లేదు, గ్రాఫు లేదు, పచ్చరంగు అసలే లేదు. లక్షలు పోసి టీవీ పెట్టిన మనిషి ఇలా అడ్డదారిన నిజం తెలుసుకోవడం సంస్థ క్రమశిక్షణకు ఏమైనా మంచిదా?

ఆయన్నని ఏం లాభం, మమ్మల్నందర్నీ చెడగొట్టింది గోదావరే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకి రెండోది, 17.75 అడుగులకి మూడోది. పైన భద్రాచలంలో 43 అడుగులన్న కబురు తెలిస్తే చాలు, లంకల్లో గొడ్లను ఎటు తోలాలో మాట్లాడుకోవడం మొదలవుతుంది. వరద రోజుల్లో గంటగంటకీ అంకె మారుతుంది, జనం గంటగంటకీ అడుగుతారు. గత త్రైమాసికం సగటు ప్రవాహం ఎంత అని అడిగే నాగరికుడు లంక ఊళ్లలో ఒక్కడూ కనపడడు. ఏడాది మొత్తం సగటు తీసి చూస్తే గోదావరి ఎంత సాధువైన నదో వీళ్లకి ఎవరు చెప్పాలి? నా మాట చెల్లితే, నది తన వివరాల్ని ప్రతినెలా 5వ తేదీలోగా నిర్ణీత ఫారంలో సమర్పించాలని, మధ్యలో పెరిగే నీటిని లెక్కలోకి తీసుకోబోమని ఒక సర్క్యులర్ వేయిస్తాను.

ఇక ఆ కంపెనీ సంగతంటారా, ఆడిట్‌కి వచ్చినవాళ్లు కొంచెం సణిగారట. దాంతో డాష్‌బోర్డు తాజాగా ఉందో లేదో కనిపెట్టడానికి ఇంకో డాష్‌బోర్డుకి ఆర్డరిచ్చారు. ఈసారి టీవీ 65 అంగుళాలది. దానికి కావాల్సిన డేటా మొదటి డాష్‌బోర్డు నుంచే తీసుకుంటారట.