మహారాజశ్రీ పొద్దుటి వణుకు గారికి

గోదావరి డెల్టాలోని కార్ల రిపేరు షెడ్డుల వాళ్లం రాసుకుంటున్న విన్నపం.

ఆయ్, మేమంతా క్షేమమండి. తమరు పూనిన ప్రతి కారూ మా వాకిట్లోకి వచ్చేసరికి క్షేమంగానే ఉంటోంది. మా బాధల్లా అదే.

ధనుర్మాసపు మంచు చేల మీంచి లేవకముందే పాలకొల్లులోనో అంబాజీపేటలోనో ఓ పెట్రోలు కారు తాళం తిప్పుతారు. స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు కొట్టుకుంటుంది, డాష్‌బోర్డు మీది వినాయకుడు తలూపుతాడు. ఇంజను కాస్త వేడెక్కగానే తమరు అంతర్ధానం. ఓనరుగారు రావులపాలెం దాకా నడుపుకొచ్చి, "ఇందాకటిదాకా ఊగిందండీ" అంటారు. బానెట్ ఎత్తితే ఐడ్లింగ్ (కారు కదలకుండా ఇంజను తిరిగే వేగం) నిమిషానికి 800 చుట్ల దగ్గర బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఇక ఊహించి సామాన్లు మార్చడమే: ఇవాళ ప్లగ్గులు, రేపు పంపు, ఎల్లుండి ఇంజన్ మౌంటింగులు. బిల్లు మాది, తిట్లూ మావే.

పైగా నింద చలి మీద. కోనసీమలో చలెక్కడేడిచిందండీ? కోల్డ్ స్టార్ట్ అంటే ఊరికి చలెయ్యడం కాదు, ఇంజను రాత్రంతా ఆగి ఉండటం. తమరు మే నెలలోనూ దయచేస్తారు.

చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, లోపలి గోడలకు అంటుకుపోతుంది. అందుకే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోసి, ఐడ్లింగ్ 1200 దాకా లేపి, వేడెక్కేకొద్దీ దించుతుంది. ఎంత పొయ్యాలో దానికి చెప్పేది, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సార్. పొద్దున్నే అది "అరవై డిగ్రీలుంది, వేడిగానే ఉన్నాం" అని బొంకితే పెట్రోలు చాలక ఇంజను వణుకుతుంది. పట్టుకోవడం తేలికే. స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్‌లో పెట్టి స్కానర్లో (కారు కంప్యూటరు అంకెలు చదివే పరికరంలో) చూడాలి. రాత్రంతా ఆగిన కారుకి కూలెంట్ వేడి, లోపలికెళ్లే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి. రెండు మూడు డిగ్రీల తేడా ఫర్వాలేదు, ముప్పై ఉంటే సెన్సార్ దొంగ. మైనస్ 40 చూపిస్తే కనెక్టరు ఊడిందో, కోతలయ్యాక చేలో తిండి దొరక్క బానెట్‌లో కాపురం పెట్టిన ఎలుక వైరు కొరికిందో చూసుకోవాలి. కోనసీమకి మైనస్ 40 ఇంకా రాలేదండి.

తమరికి మహా ఇష్టమైన మకాం మాత్రం గాలి లీకు. ఇన్‌టేక్ గాస్కెట్టు, పిసివి గొట్టం (ఇంజను ఆవిర్లను మళ్లీ లోపలికి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఏదైనా పాతబడి బిరుసెక్కితే చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుంటుంది, వేడికి సాగి మూసుకుంటుంది. తమరి మాయ రహస్యం ఇదే. సబ్బునీళ్లు పూస్తే బుడగలు రావు, అది లోపలికి పీల్చే లీకు. స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడాలి: ఐడ్లింగ్‌లో షార్టు (అప్పటికప్పటిది), లాంగు (కొన్నాళ్లుగా నేర్చుకున్నది) కలిపి ప్లస్ పది శాతం దాటి, 2500 చుట్ల దగ్గర పట్టుకుంటే సున్నా వైపు దిగితే లీకు దాదాపు ఖాయం. స్టార్టయిన వెంటనే మాత్రం షార్టు అంకె నమ్మకూడదు, పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఇంకా నిద్ర లేవదు. ఆ తర్వాత, ఇంజను చల్లగా ఉండగానే, పొగ పట్టించి చూస్తే చిల్లు దానంతటదే బయటపడుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే వీరులున్నారు. ప్లగ్గుకి స్పార్కు ఇచ్చే కాయిల్ నుంచి ఓ నిప్పురవ్వ జారితే బానెట్ కింద భోగి మంటే.

ఇంజన్లోకి గాలి వెళ్లే దారైన థ్రాటిల్ బాడీలో రెక్క అంచున మసి పేరుకున్నా తమరికి చోటు దొరికినట్టే, ఐడ్లింగ్ గాలి ఆ వెంట్రుకవాసి సందులోంచే వెళ్లాలి మరి. తాళం తీసేసి, గుడ్డ మీద క్లీనర్ కొట్టి తుడవాలి. ఇనుప బ్రష్షు వద్దు. తర్వాత స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (కంప్యూటరుకి ఐడ్లింగ్ మళ్లీ నేర్పడం) చెయ్యకపోతే కొన్ని కార్లు 1500 దగ్గర ఈలేస్తాయి.

చెరువుగట్ల వెంట తిరిగే కార్లకు తేమ వేరే వరం. కాయిల్ బూటులో (ప్లగ్గు మీద తొడిగే రబ్బరు తొడుగులో) వెంట్రుకంత చీలిక చాలు, స్పార్కు పక్కదారి పడుతుంది. పి 0302 కోడొస్తే, అంటే రెండో సిలిండర్ సరిగ్గా మండట్లేదంటే, రెండో కాయిల్‌ని మూడోదానితో మార్చి మర్నాడు పొద్దున్న చూడాలి. కోడు 0303 అయితే దొంగ కాయిలే, అలాగే ఉంటే ప్లగ్గో ఇంజెక్టరో. చెక్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నడపకూడదు. కాలని పెట్రోలు, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి దాన్నే కాల్చేస్తుంది.

తాళం మూడుసార్లు ఆన్ చేసి, ప్రతిసారీ పంపు గుయ్యిమన్నాక ఆపి, ఆఖర్న స్టార్ట్ చేస్తే వణుకు రాలేదా? అయితే రాత్రి పెట్రోలు లైన్లో ప్రెషర్ జారిపోతోంది. పంపు వాల్వో, లీకయ్యే ఇంజెక్టరో.

తమరికి మర్యాద చెయ్యడానికి ఒకటే దారి కనిపిస్తోందండి: సంక్రాంతి అల్లుడిలా కారు మా షెడ్డులో రాత్రి నిద్ర చెయ్యాలి. పొద్దున్న ఐదున్నరకి, ఎవరూ తాళం ముట్టకముందే, స్కానర్ పెట్టుకుని ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
తమరి దర్శనానికి నోచుకోని
షెడ్డు వాళ్లం

తా.క.: కారు దించి వెళ్లే ఓనరుగారికి కూడా ఓ మాట చెప్పండి. పొద్దున్నే ప్రేమకొద్దీ మాకన్నా ముందొచ్చి, స్టార్ట్ చేసి, రేస్ చేసి "వేడి చేసి ఉంచానండీ" అనొద్దని.