సెక్యూరిటీ డిపాజిట్ గారికి నమస్కరించి వ్రాయునది

ఆర్యా,

నేనిక్కడ క్షేమం. తమరక్కడ క్షేమమని తలచనక్కర్లేదు, నాకు ఖాయంగా తెలుసు. బోస్టన్ ఉన్న మాసాచుసెట్స్ రాష్ట్ర చట్టం ప్రకారం, అద్దింటి అడ్వాన్సైన తమర్ని విడిగా, వడ్డీ వచ్చే బ్యాంకు ఖాతాలో, ఇంటి ఓనరుకి అప్పిచ్చినవాళ్లు కూడా ముట్టుకోకుండా ఉంచాలి. నాకు అంత భద్రత మా అమ్మ కూడా ఇవ్వలేదు.

2024 ఆగస్టులో ఎమ్మెస్ కోసం బోస్టన్ విమానం ఎక్కేముందు ఖమ్మంలో కూర్చుని ఎక్సెల్ షీటు వేశాను. బోస్టన్‌లోని ఆల్‌స్టన్ పేటలో మూడు బెడ్‌రూముల ఇల్లు, అద్దె 3,600 డాలర్లు, మనుషులం నలుగురం. నాలుగోవాడికి హాలు. తలా 900. సెప్టెంబరు గడిలో 900 కొట్టి పసుపు రంగు కూడా వేశాను. నాన్న ముచ్చటపడి "వీడికి లెక్కలొచ్చు" అని బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పారు.

తమరొక్కరే వస్తారనుకున్నాను. కూకట్‌పల్లిలో అన్నయ్య రెండు నెలల అడ్వాన్సు కట్టినవాడే, మాకేం కొత్త కాదు. కానీ తమరు ముగ్గురు తోబుట్టువుల్ని వెంటేసుకుని దిగారు. ఈ ఊళ్లో మీ కుటుంబాన్ని ఒకే ఊపిరిలో పిలుస్తారట: ఫస్టు, లాస్టు, సెక్యూరిటీ, ఫీజు. మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, తమరు, బ్రోకరు ఫీజు. ఒక్కొక్కరూ ఒక్కో నెల అద్దె తూగుతారు. మొత్తం 14,400. తలా 3,600, అంటే అప్పటి రేటుకి 3 లక్షల పైమాటే.

నాన్నకి ఫోన్‌లో చెప్పడానికి అరగంట పట్టింది.

"900 అన్నావు కదరా?"

"అది అద్దె నాన్నా. ఇది ఇంట్లోకి వెళ్లడానికి."

"అడ్వాన్సు సరే. ఆఖరి నెల అద్దె ఇప్పుడే ఎందుకు? ఇంకా గృహప్రవేశమే కాలేదు, అప్పుడే ఖాళీ చేయిస్తున్నాడా?"

బ్రోకరు ఫీజు గురించి అడిగితే ఆడపడుచు లాంఛనం లాంటిదని చెప్పాను. వెంటనే అర్థమైంది ఆయనకి. ఆ బ్రోకరు చేసిందల్లా తాళం తీసి, మేం ఇల్లు చూస్తున్నంతసేపూ వంటింటి గట్టుకి ఆనుకుని ఫోన్ చూసుకోవడం. ఏడు నిమిషాలు. బ్రోకరుని ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలని 2025 ఆగస్టు 1 నుంచి చట్టం వచ్చింది. మా జూనియర్లు అదృష్టవంతులు. మాకు మాత్రం తమరి కుటుంబం నిండుగా ఉన్నప్పుడే సంబంధం కుదిరింది.

డబ్బు లేదని కాదు, లోన్ ఉంది. కానీ బ్యాంకు ఫీజు భాగాన్ని నేరుగా యూనివర్సిటీకే పంపుతుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితంలో ఉండటానికి, తిండికి ఏడాది మొత్తానికీ కలిపి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలో మూడో వంతో నాలుగో వంతో మొదటి రోజే కావాలని ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. పైగా ఓనరు బ్యాంకు చెక్కే కావాలన్నాడు, బ్యాంకువాళ్లు ముందు ఇంటి అడ్రసు కావాలన్నారు. నాకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు, గ్యారంటీ ఇచ్చే మేనమామ లేడు. చివరికి ఒక సీనియర్ అన్న తన ఖాతా నుంచి చెక్కు తీసిచ్చాడు. ఆ లెక్కన అమెరికాలో నాకంటే ముందు ఖాతా తెరిచింది తమరే.

ఆగస్టు 31 సంగతి వేరే చెప్పాలి. ఈ ఊళ్లో చాలా లీజులు ఆ రోజుతో అయిపోయి సెప్టెంబరు 1న మొదలవుతాయి. మధ్యలో ఒక రాత్రి ఊరంతా రోడ్డు మీదే. వదిలేసిన సోఫాలు, పరుపులు, బల్లలు ఫుట్‌పాత్‌ల మీద గుట్టలు. దీనికి ఆల్‌స్టన్ క్రిస్మస్ అని పేరు. అద్దాల బల్ల ఒకటి ఎత్తుకొచ్చుకున్నాం. పరుపు కూడా తెద్దామంటే సీనియర్ అన్న "నల్లులు ఫ్రీ" అన్నాడు. వదిలేశాం.

తాళం చేతికొచ్చాక గదిలో స్విచ్ నొక్కాను. లైటు వెలగలేదు. మళ్లీ నొక్కాను. పైకి చూస్తే కప్పుకి అసలు లైటే లేదు. ఆ స్విచ్ గోడకున్న సాకెట్‌కట, దీపం మనమే కొనుక్కుని తగిలించుకోవాలట. 3,600 కట్టిన గదిలో ఫోన్ టార్చి వేసుకుని, అమ్మ సూట్‌కేసులో కుక్కరు చుట్టూ చుట్టిన బొంత పరుచుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తమరి కోసం ఫొటోలు మొదలుపెట్టాను. గోడల మీద గీతలు, కిటికీ జాలీలో చిల్లు, బాత్రూం మూల నల్లమచ్చ, మొత్తం 112. అక్క పెళ్లిలో కూడా అన్ని తీయలేదు. ఓనరు ఇచ్చిన ఇంటి పరిస్థితి కాగితంలో లేని లోపాలు 15 రోజుల్లో రాసిస్తే గానీ రేపు ఖాళీ చేశాక 30 రోజుల్లో తమరు చెక్కుచెదరకుండా తిరిగొస్తారన్న నమ్మకం లేదు మరి.

ఏడాది నిండింది. తమరి వడ్డీ వచ్చింది. ఏటా 5 శాతం గానీ, బ్యాంకు అంతకంటే తక్కువిస్తే ఆ తక్కువ గానీ ఇవ్వాలని రూలు. మా ఓనరు బ్యాంకు ఆ తక్కువే ఇచ్చింది: 1 డాలరు 80 సెంట్లు. నలుగురికీ తలా 45. నాన్నకి చెబితే "ఎక్సెల్‌లో రాసుకో" అన్నారు. రాసుకున్నాను. పసుపు రంగు వేశాను.

ఇట్లు,
తమరిలో నాలుగో వంతు సొంతదారు

తా.క. తలుపు వెనక పొడుగు గీత మాది కాదు. ఫొటో నంబరు 47.